ఈ తక్కెడకు ముద్ర ఏది?

కిరాణా కొట్టులో తక్కెడకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. పెట్రోలు బంకు మీటరుకు సీలు ఉండాలి. అయిదు రూపాయల బిస్కెట్ పొట్లం మీద సైతం బరువు, ధర, తయారైన తేదీ అచ్చు వేయక తప్పదు. కొన్నవాడు మోసపోరాదన్నదే ఈ నిబంధనల ఉద్దేశం. గంటలో వేల రూపాయలు మింగగల జూదపు యంత్రం విషయంలో మాత్రం అది నూటికి ఎంత ఉంచుకుంటుంది, ఎంత తిరిగి ఇస్తుంది అని నిలదీసేవారు కానరారు.

ఇటువంటి యంత్రాలలో చూపులకు అమాయకమైనది ఎలక్ట్రానిక్ బ్లాక్‌జాక్. బొమ్మల చక్రాలు గిర్రున తిరిగే స్లాట్ యంత్రం సంగతి వేరు. అది ఒట్టి అదృష్టమేనని పిల్లవాడికైనా తెలుసు. బ్లాక్‌జాక్ తెర మీద పేక ముక్కలు కనిపిస్తాయి. ఇంకో ముక్క అడగాలా, ఉన్నదానితో సరిపెట్టుకోవాలా అన్నది ఆటగాడే తేల్చుకుంటాడు. బుర్ర ఉపయోగించి ఆడుతున్నానన్న ధీమా కలుగుతుంది. పండుగకో పబ్బానికో పేక పట్టిన అలవాటున్న మనిషికి ఆ ధీమాయే ఎర.

చట్టం తెరచిన తలుపు

తెలుగువారు సెలవులకు వెళ్లే గోవాలో జూదాన్ని 1976 నాటి చట్టం నిషేధించింది. అదే చట్టాన్ని 1992లో సవరించి అయిదు నక్షత్రాల హోటళ్లలో ఎలక్ట్రానిక్ వినోద యంత్రాలకు, స్లాట్ యంత్రాలకు అనుమతి ఇచ్చారు. 1996లో మరో సవరణతో ఓడల మీద బల్ల ఆటలకు వీలు కల్పించారు. మనిషి ముక్కలు పంచే బ్లాక్‌జాక్ మాండవి నదిలో లంగరు వేసిన ఓడలకు, యంత్రం పంచే బ్లాక్‌జాక్ నేల మీది హోటళ్లకు చేరిన వైనం ఇది. చట్టం దృష్టిలో ఒకటి జూదపు బల్ల, రెండవది వినోద యంత్రం. జేబులోంచి పోయే రూపాయికి ఆ తేడా తెలియదు.

తెలుగు రాష్ట్రాల తీరు వేరు. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని, మూడు ముక్కలాట అదృష్టం మీద ఆధారపడినదని వివరించింది. ఫోన్లలో పందెం ఆటలు వచ్చి కుటుంబాలు అప్పుల పాలవుతుండడంతో 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు సైతం ఆన్‌లైన్ పందెం ఆటలపై చట్టం చేసింది. ఇవేవీ మరో రాష్ట్రపు హోటల్లో నిలబెట్టిన యంత్రం జోలికి పోవు. చింతచెట్టు కింద దుప్పటి పరిస్తే పేకాటరాయుళ్లు, చల్లని గదిలో తెర ముందు కూర్చుంటే పర్యాటకులు!

ముందు ఓడేది ఆటగాడే

బ్లాక్‌జాక్ సూత్రం తేలికే. ముక్కల విలువ 21 దాటకుండా, పంచేవాని మొత్తం కంటే ఎక్కువ తెచ్చుకోవాలి. రాజు, రాణి, జాకీలకు పదేసి. ఆసుకు ఒకటి గాని, పదకొండు గాని. కిటుకంతా వరసలో ఉంది. ముందుగా ముక్క అడగవలసినవాడు ఆటగాడు. అతని లెక్క 21 దాటితే పందెం అప్పుడే పోతుంది. ఆ తరువాత పంచేవాని లెక్క దాటినా పోయిన డబ్బు తిరిగి రాదు. ఇద్దరూ ఓడే పరిస్థితిలో ఒక్కడే చెల్లిస్తాడన్నమాట. కాసినో లాభానికి మూలం ఇదే. ఇందులో మోసం లేదు, మోసం అవసరమూ లేదు.

ఈ ఆటను ఎలా ఆడితే నష్టం తగ్గుతుందో అమెరికాలో సైన్యంలో పనిచేసిన నలుగురు 1956లో లెక్క కట్టి ప్రకటించారు. 1962లో ఎడ్వర్డ్ థార్ప్ అనే గణిత ఆచార్యుడు, పడిపోయిన ముక్కలను గుర్తుంచుకుంటే మిగిలిన కట్టలో పెద్ద ముక్కలు ఎన్ని ఉన్నాయో అంచనా కట్టి కాసినోను ఓడించవచ్చునని పుస్తకం రాశాడు. కాసినోలు కట్టల సంఖ్య పెంచి, తరచు కలిపి పంచి జాగ్రత్తపడ్డాయి. యంత్రం వచ్చాక ఆ బెడదే లేదు. సాధారణంగా ప్రతి ఆటకూ అది మొత్తం ముక్కలను కొత్తగా కలిపినట్టే లెక్క. నిన్నటి ముక్క నేటికి కాదు, ఇప్పటి ముక్క మరుక్షణానికి పనికిరాదు. ధర్మరాజుకు పాచికలు వేసే శకుని అయినా ఎదురుగా కనిపించాడు. ఇక్కడ పాచిక వేసేది పెట్టె లోపలి లెక్క.

నూటికి రెండే కదా!

మంచి నిబంధనలున్న బల్ల వద్ద తప్పు లేకుండా ఆడేవానికి నష్టం నూటికి అర్ధ రూపాయి వరకు ఉంటుంది. ఆసు, పది విలువ గల ముక్క మొదటే కలసి వస్తే దాన్ని బ్లాక్‌జాక్ అంటారు. అది సుమారు 21 ఆటలకు ఒకసారి వస్తుంది. పాత పద్ధతి ప్రకారం 100 రూపాయల పందేనికి అప్పుడు 150 రూపాయలు రావాలి. కొన్ని బల్లలు, యంత్రాలు 120 మాత్రమే ఇస్తాయి. కొన్ని 100తో సరిపెడతాయి. 150కి బదులు 120 ఇస్తే, ఆటగాని నష్టం నూటికి మరో రూపాయిన్నరకు దగ్గరగా పెరుగుతుంది. గెలిచిన సంబరంలో ఉన్నవానికి ఆ కోత కనిపించదు.

అసలు దెబ్బ వేగంలో ఉంది. మనుషులు ఆడే బల్ల మీద గంటకు సుమారు 60 ఆటలు పడతాయి. కలపాలి, పంచాలి, డబ్బు లెక్క చూడాలి, పక్కవాడు ఆలోచించాలి. యంత్రానికి ఈ అడ్డులేవీ లేవు. పన్నెండు సెకన్లకు ఒక ఆట చొప్పున గంటకు 300 ఆటలు పూర్తవుతాయి. నష్టం నూటికి 2 రూపాయలు, పందెం 100 రూపాయలు అనుకుంటే బల్ల వద్ద గంటకు సగటున పోయేది 120 రూపాయలు. యంత్రం వద్ద పోయేది 600 రూపాయలు. ఆట అదే, పందెం అదే, నష్టం అయిదింతలు.

పెక్కుమంది పొరబడేది ఇక్కడే. 5,000 రూపాయలతో వచ్చినవాడు నూటికి రెండంటే 100 రూపాయలు పోతాయిలే అనుకుంటాడు. ఆ రెండు రూపాయలు తెచ్చుకున్న సొమ్ము మీద కాదు, పందెంగా తిరిగిన సొమ్ము మీద. గంటలో 300 ఆటలకు తిరిగిన సొమ్ము 30,000 రూపాయలు. గెలిచినదే మళ్లీ పందెమై తిరుగుతూ తిరుగుతూ అరిగిపోతుంది. సబ్బు నీళ్లలో కరిగినట్టు కరిగిపోయే సొమ్ముకు ఎప్పుడు పోయిందో గుర్తుండదు.

ఇంటివారికి వద్దు, పొరుగువారికి ముద్దు

డబ్బున్నవాడు ఆడుకుంటే ఎవరికి నష్టమని కాసినో సమర్థకులు అంటారు. పర్యాటకం పెరుగుతుందని, ఉద్యోగాలు వస్తాయని, ఖజానా నిండుతుందని లెక్కలు చెబుతారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. జూదం అంత నిరపాయమైన వినోదమైతే సొంత ప్రజలను దూరంగా ఉంచడమెందుకు? గోవా వాసులు కాసినోల్లో జూదమాడరాదని 2020 ఫిబ్రవరి 1 నుంచి ఆ రాష్ట్ర ప్రభుత్వమే ఆంక్ష పెట్టింది. నేపాల్‌లో స్వదేశీయులకు కాసినో ప్రవేశం నిషిద్ధం. సింగపూర్ తన పౌరులకు విధించే ప్రవేశ రుసుమును 2019లో 100 డాలర్ల నుంచి 150 డాలర్లకు పెంచింది. తమ ఇంట వండరాదన్న కూరను పొరుగువారి విస్తట్లో వడ్డించడం ఏపాటి న్యాయం?

ప్రభుత్వాలు తమ వాటాను మాత్రం మరువలేదు. కాసినో పందేలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం స్థానే 40 శాతమైంది. తమకు రావలసినదాన్ని ఇంత కచ్చితంగా కొలుచుకునేవారు ఆటగాని నష్టాన్ని కొలిచి చూపించలేరా?

చేయవలసినదేమిటి?

మూకుమ్మడి నిషేధం ఒక్కటే మందు అనడం సులువు. నిషేధం ఉన్నచోట పేకాట స్థావరాలు మాయమయ్యాయా అంటే రోజూ పత్రికలలో వచ్చే దాడుల వార్తలే సమాధానం. యంత్రాలకు అనుమతి ఇచ్చిన ప్రభుత్వం ముందుగా దాని ముఖాన నిజం రాయించాలి. తిరిగి వచ్చేది నూటికి ఎంత, బ్లాక్‌జాక్‌కు ఇచ్చేది 150 రూపాయలా 120 రూపాయలా అన్నది పెద్ద అక్షరాలతో, వచ్చే పర్యాటకుల భాషల్లో ఉండాలి. తెలుగు అందులో ఒకటి కావాలి. కూర్చున్న సమయం, పందెంగా తిరిగిన సొమ్ము, నికరంగా పోయినది తెర మీద ఎప్పుడూ కనిపించాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. జూదయంత్రం తిరిగి ఇచ్చే శాతాన్ని ఆటగానికి తెలపాలన్న నిబంధన బ్రిటన్‌లో ఉంది. పేక ఆటను చూపే యంత్రంలో ఒక్కో ముక్క వచ్చే అవకాశం నిజమైన కట్టలో ఉన్నంతే ఉండాలని అమెరికాలోని నెవాడా నిబంధనలు శాసిస్తాయి. నార్వే 2007లో పాత జూదయంత్రాలను తొలగించి, నష్టానికి హద్దు తప్పనిసరి చేసిన యంత్రాలను తరువాత ప్రవేశపెట్టింది. హద్దు దాటితే ఆట ఆగిపోతుంది. గోవాకు ఇది అసాధ్యం కాదు.

తెలుగు రాష్ట్రాల బాధ్యత కూడా దాడులతో తీరదు. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగానే గుర్తించింది. మానసిక ఆరోగ్య సలహాకు 14416 నంబరుతో టెలి మానస్ ఉన్నదన్న సంగతి గ్రామాలకు చేరాలి. అప్పు చేసి ఆడిన మనిషిని ఇంటిల్లిపాదీ తిట్టి ఊరుకుంటే అతడు పోయినది రాబట్టుకోవాలని మళ్లీ అదే తెర ముందుకు వెళతాడు.

తక్కెడకు ముద్ర లేని దుకాణదారుకు అధికారులు జరిమానా వేస్తారు. కోట్ల రూపాయలు తూచే ఈ తక్కెడకు కూడా ముద్ర వేయవలసిన బాధ్యత దానికి తలుపు తెరిచిన ప్రభుత్వానిదే. ఆ ముద్ర పడేవరకు దూరంగా ఉండడమే పర్యాటకునికి క్షేమం.