ఇంటి అప్పు తీరింది... స్కోరు తగ్గింది!

ఔటర్ రింగ్ రోడ్డు తొలి భాగం గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా 2008లో తెరుచుకుంది. ఆ దారి వెంట నార్సింగి, పుప్పాలగూడ, కోకాపేటల్లో ఐటీ ఉద్యోగులు ఫ్లాట్లు కొనుక్కున్న రోజులవి. చంకలో బిడ్డ, నెత్తిన ఇరవయ్యేళ్ల గృహరుణం. ఇప్పుడా బిడ్డ ఇంజినీరింగ్‌కి వచ్చేశాడు. బోనస్ అందినప్పుడల్లా కొంచెం కొంచెం ఎక్కువ కట్టుకుంటూ వచ్చినవాళ్లకి అప్పూ తీరిపోతోంది. మారే వడ్డీ గృహరుణాలను ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదని 2012లో రిజర్వ్ బ్యాంకు చెప్పడం వాళ్లకి కలిసొచ్చింది.

అప్పు తీరిన నెలకో రెణ్నెల్లకో సిబిల్ స్కోరు చూసుకుంటే మాత్రం గుండె గతుక్కుమంటుంది. పెరగాల్సింది పోయి కొన్ని పాయింట్లు తగ్గి కనిపిస్తుంది! ఇన్నేళ్లూ ఒక్క వాయిదా తప్పకుండా కడితే ఇదా బహుమానం అని ఇంటాయన ఉడుక్కుంటాడు.

ఉడుక్కోవాల్సిన పనేం లేదు. 300 నుంచి 900 మధ్య ఉండే ఆ అంకె మనిషి ఆస్తిని కొలవదు. అప్పిస్తే సరిగ్గా తీరుస్తాడా అన్న ఒక్క అనుమానానికే అది జవాబు. వాయిదాలు సకాలంలో కట్టారా, క్రెడిట్ కార్డు పరిమితిలో ఎంత వాడేశారు, ఏ రకం అప్పులున్నాయి, ఎన్నాళ్లుగా ఉన్నాయి, కొత్తగా ఎన్నిచోట్ల అప్పు అడిగారు... ఇవీ లెక్కలు. ఆస్తి తనఖా ఉన్న పెద్ద అప్పు ముగిసిపోయాక మిగిలేది ఏ కార్డో, వ్యక్తిగత రుణమో. అందుకే స్కోరు కాస్త అటూ ఇటూ అవుతుంది. కట్టిన చరిత్ర మాత్రం చెరిగిపోదు. తీరిన అప్పు కూడా నివేదికలో ఏళ్ల తరబడి మంచి సాక్ష్యంగా నిలబడే ఉంటుంది. స్కోరు పెంచుకోవడం కోసమని కొత్త అప్పు చేయడమంటే, వడ్డీ కట్టి మరీ మార్కులు కొనుక్కోవడమే.

స్కోరు కన్నా ముందు చూసుకోవాల్సినవి కాగితాలు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలన్నీ తిరిగి ఇచ్చేయాలని రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. తమ వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకి 5,000 రూపాయల చొప్పున ఖాతాదారుకి చెల్లించాలి. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, నో డ్యూస్ సర్టిఫికెట్... ఒక్కోటీ లెక్కచూసుకుని తీసుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రిజిస్టరై ఉంటే దాని విడుదల పత్రం కూడా రిజిస్టర్ చేయించాలి. ఆ తర్వాత ఈసీ తీయించి, తనఖా తొలగినట్టు నమోదైందో లేదో చూడాలి. ఇది వదిలేస్తే రేపు ఫ్లాటు అమ్మబోయినప్పుడు కొనేవాడు అక్కడే ఆగిపోతాడు.

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్... ఈ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. సొంతంగా చూసుకుంటే స్కోరు తగ్గదు. అందులో గృహరుణం ‘క్లోజ్డ్’ అని ఉండాలి. ‘సెటిల్డ్’ అని ఉంటే మొత్తం కట్టకుండా రాజీ చేసుకున్నట్టు అర్థం. తప్పుంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకి 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి వచ్చింది.

ఇక అసలు పరీక్ష. అబ్బాయి ఎంఎస్‌కి అమెరికా వెళ్తానంటాడు. ఇల్లు ఎలాగూ మనదే అయిపోయింది కదా, మళ్లీ తాకట్టు పెడితే పోలా అన్న ఆలోచన వస్తుంది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఇంటి మీద 30 లక్షలు 10 శాతం వడ్డీకి 15 ఏళ్లకి తీసుకుంటే నెలకి దాదాపు 32,240 రూపాయలు కట్టాలి. మొత్తం 58 లక్షలవుతుంది. అందులో వడ్డీయే 28 లక్షలు! తండ్రికి యాభై ఏళ్లుంటే ఆ వాయిదాలు అరవై అయిదో ఏటిదాకా నడుస్తాయి. ఐటీలో అన్నాళ్లు కొలువు నిలుస్తుందన్న భరోసా ఎవరికుంది?

విద్యారుణం దారి వేరు. చదువు అయ్యేదాకా, ఆపైన మరికొన్నాళ్లు సాధారణంగా వాయిదాలు మొదలవవు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి వడ్డీ మీద 8 ఏళ్ల దాకా మినహాయింపు దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తీర్చే బాధ్యతలో చదువుకున్నవాడికీ వాటా ఉంటుంది. పెద్ద మొత్తాలకి బ్యాంకులు ఆస్తి హామీ అడగడం మామూలే. తల్లో తండ్రో అందులో సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు. అక్కడ కొడుకు వాయిదా తప్పితే ఇక్కడ తండ్రి స్కోరూ దెబ్బతింటుంది. ఈ మాట సంతకానికి ముందే అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పాలి.

తీరిన అప్పుతో నెలనెలా మిగులుతున్న డబ్బుని కొన్నాళ్లు విడిగా వేసుకుంటే చేయాల్సిన కొత్త అప్పు ఆ మేరకు తగ్గుతుంది. పాత క్రెడిట్ కార్డు ఒకటి ఉంచుకుని, బిల్లు మొత్తం గడువులోగా కట్టేస్తుంటే స్కోరు దానంతటదే నిలబడుతుంది. అవసరమైనప్పుడు రెండు మూడు బ్యాంకుల వడ్డీలు వాకబు చేసి, ఒక్కచోట దరఖాస్తు పెట్టడం మేలు. పదిచోట్ల పెడితే ఆ పది విచారణలూ నివేదికలోకి ఎక్కుతాయి.

అప్పు చేసి పప్పుకూడు వద్దన్నారు పెద్దలు. పిల్లల చదువు పప్పుకూడు కాదు, నిజమే. అయినా ఇంటి పత్రాలు మళ్లీ బ్యాంకు లాకరుకి పంపే ముందు, ఆ వాయిదా కట్టేదెవరు, ఏ జీతంలోంచి, ఏ వయసుదాకా అన్నది ఇంటిల్లిపాదీ కలిసి కాగితం మీద రాసుకోవాలి.