ఏకమైన దేశము, కుదురని నమ్మకము

1990 అక్టోబరు 3వ తేదీన తూర్పు, పశ్చిమ భాగములు కలిసి జర్మనీ ఏకమైనది. అయినను ఆ దేశపు ప్రభుత్వమునందు, శాసనసభయందు, రాజకీయ పక్షములయందు ప్రజలకు గల విశ్వాసమెంతయని విచారించినప్పుడెల్ల, తూర్పువారి నమ్మకము పడమటివారి నమ్మకముకంటె తక్కువగానే కానవచ్చుచున్నది. నియంతృత్వములో పెరిగినవారికి ప్రజాస్వామ్యము ఒంటబట్టలేదని తేల్చివేయుట కొందరికి పరిపాటి. ఆ సమాధానము సులభమే గాని న్యాయము కాదు.

ఏలయన, 1989 అక్టోబరు 9వ తేదీ సాయంకాలము, కాల్పులు తప్పవేమోయన్న భయమును దిగమ్రింగి లైప్‌జిగ్ వీథులలో నిరసనగా నడచిన సుమారు 70 వేలమందియు, ఇంచుమించు 90 వేలమంది ఉద్యోగులతోను అంతకు మించిన వేగులతోను ఇంటింటి గుట్టు సేకరించిన రహస్య పోలీసు శాఖయగు స్టాసీ వ్యవస్థను కూలద్రోసినవారును ఈ తూర్పు జర్మనులే. తమ సాహసముచేత ప్రజాస్వామ్యమును ఆర్జించుకొన్నవారు దానిని ఎరుగనివారెట్లగుదురు?

లోపము పిదప జరిగిన దానియందున్నది. ఉభయులును కూడి నూతన రాజ్యాంగమును రచించుకొనుటకు పశ్చిమ జర్మనీ మూలశాసనము 146వ అధికరణమున అవకాశముండినను, త్వరను కోరి, 23వ అధికరణము ననుసరించి తూర్పును పడమటి వ్యవస్థలో చేర్చుకొనిరి. తూర్పు ప్రజాప్రతినిధులే అధికసంఖ్యతో ఇందుకు సమ్మతించిన మాట నిజమే. కాని వ్యవస్థలన్నియు సిద్ధరూపమున వచ్చుటచే, వానిని నిర్మించితిమను తృప్తి వారికి దక్కలేదు. ట్రాయ్‌హాండ్ అను ప్రైవేటీకరణ సంస్థ చేతికి సుమారు 8,500 ప్రభుత్వ సంస్థలును, వానిలో పనిచేయు 40 లక్షలమంది బ్రతుకుతెరువును వచ్చినవి. 1994 చివర అది మూతపడునాటికి ఎన్నో కర్మాగారములు అన్యుల పాలయ్యెను, ఎన్నో మూతపడెను. ఛాన్సలర్ హెల్ముట్ కోల్ వాగ్దానముచేసిన వికసిత సీమలకై ఎదురుచూచినవారికి మొదట ఎదురైనది నిరుద్యోగము. అదియు తాము స్వేచ్ఛగా ఎన్నుకొన్న ప్రభుత్వపు ఏలుబడిలోనే.

తూర్పున పెరిగిన ఆంగెలా మెర్కెల్ 16 ఏండ్లు ఛాన్సలరుగా పాలింపలేదా యని అడుగవచ్చును. ఒక్కరి ఔన్నత్యము ఒక ప్రాంతపు ప్రాతినిధ్యము కాజాలదు. నేటికిని దేశమునందలి ఉన్నత పదవులలో తూర్పువారి పాలు వారి జనసంఖ్యకు తగినట్లు లేదు. ఈ అసంతృప్తిని తీవ్ర మితవాద ఏఎఫ్‌డీ పక్షము తనకు అనుకూలముగా మలచుకొని, 2025 ఫిబ్రవరి ఎన్నికలలో తూర్పునందలి ఐదు రాష్ట్రములలోను ప్రథమస్థానము పొందినది.

ఓటర్లను నిందించుటవలన ఆ పక్షము బలము తగ్గదు. న్యాయస్థానములలో, మంత్రిత్వశాఖలలో, విశ్వవిద్యాలయములలో తూర్పువారికి ఉచితస్థానము కల్పించి, 1990 నాటి నిర్ణయముల మంచిచెడ్డలను బహిరంగముగా చర్చించుట బెర్లిన్ ప్రభుత్వపు విధి. అందుకు ఇంకను జాగుచేయుట తగదు.