ఎత్తు దేవరకొండకేనా అడ్డం?

ఏడు గుట్టల నడుమ రేచర్ల పద్మనాయకులు ఏలిన కోట మా దేవరకొండ. గుట్ట మీద కూడ కోనేర్లు తవ్వి వాన నీళ్లు ఆపుకున్న ఊరు.

1955లో నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసిండు. నాగార్జునకొండ శిల్పాలను పదిలంగ గుట్ట మీదికి చేర్చిన్రు, మంచిదే. ఇవతలి ఒడ్డున మా ఏలేశ్వరం మునిగింది. ఎడమ కాలువ మాత్రం మిర్యాలగూడ దిక్కు పారింది. ఇదేందని అడిగితే మీది ఎత్తు ప్రాంతం, నీళ్లెక్కవన్నరు. ఇంజనీర్ల మాట గదా, మేమూ నమ్మినం.

మరి మా పక్కనే పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిన కృష్ణ నీళ్లు 2004 నుంచి హైదరాబాద్‌కు ఎట్ల పోతున్నయి? పట్నం దేవరకొండ కంటే ఎత్తున లేదా? పట్నం దూప తీరొద్దని మేం అనం, అక్కడున్నదీ మా పిల్లలే. ఆ ఎత్తిపోతల కింద కొంత భూమి తడిసింది, అదీ కాదనం. కాని ఎత్తు అనే సాకు మాత్రం ఆనాడే చచ్చింది.

మోటార్లు లేకుండ శ్రీశైలం నీళ్లు తేవాల్సిన సొరంగం 2014లో రాష్ట్రం వచ్చినంక కూడ పూర్తి కాలే. 2025 ఫిబ్రవరి 22న అది కూలి, పొట్టకూటికి దూరం నుంచి వచ్చిన 8 మంది కార్మికులు లోపల చిక్కుకున్నరు. వాళ్ల పాణం విలువ ఎవరు కడతరు? సొరంగానికి కొత్త తేదీలు చెప్పేటోళ్లు దేవరకొండ, చందంపేట చెరువులకు ఎన్ని నీళ్లో కూడ కాగితం మీద రాసియ్యాలె.