పైసలు కొట్టే ముందు కాయిదం అడుగుర్రి

2025 ఎండకాలంల రాజీవ్ యువ వికాసం దరఖాస్తులు పెట్టేటప్పుడు ఊరూరా ఒక్కటే ముచ్చట: "అన్నా, సిబిల్ చూస్తరంట గదా?" సబ్సిడీ సర్కారుదైనా మిగతాది బ్యాంకు లోనే. అప్పటిదాంక సిబిల్ పేరు గూడ వినని పోరగాళ్లు తమ స్కోరు ఎంతుందో చూసుకునుడు షురూ చేసిన్రు. చూసుకున్నంక కొందరి మొఖాలు వాడిపోయినయి.

అట్ల మొఖం వాడిపోయినోళ్లల్ల మా ఊరి తమ్ముడొకడున్నడు. లాక్‌డౌన్‌కు ముందు కిస్తీల మీద ఫోన్ కొన్నడు. డ్రైవర్ పని బందయింది, ఆఖరి మూడు కిస్తీలు ఆగినయి. బాకీ 4,200. అయిదేండ్ల తర్వాత ఎవడో ఫోన్ చేసి 11 వేలంటున్నడు. "ఇయ్యాల 5 వేలు నా నంబర్‌కు కొట్టు, సిబిల్ సాఫ్ చేయిస్త" అన్నడట. తమ్ముడు కొట్టెతందుకు తయారైండు. నేను ఆపిన.

బాకీ ఎగ్గొట్టమని కాదు ఆపింది. తీసుకున్నది కట్టాలె. కానీ ఎవరికి, ఎంత, ఏ కాయిదం మీద కడుతున్నమో తెల్వకుంట కడితే పైసలు పోతయి, మచ్చ మాత్రం అట్లనే ఉంటది.

ముందుగాల ఒక సంగతి. సిబిల్ అంటే సర్కారు ఆఫీసు కాదు, ఒక కంపెనీ. అసొంటియి దేశంల నాలుగున్నయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. స్కోరు 300 నుంచి 900 దాంక ఉంటది. బ్యాంకులు, ఫైనాన్సోళ్లు పంపిన లెక్కలనే ఇవి రాసుకుంటయి. అంటే మన చరిత్ర రాసేది మనకు అప్పిచ్చినోడు. తప్పు రాసినా మనం చూస్తేనే బయటపడుతది.

అందుకే మొదటి పని రిపోర్టు తీసుడు. నాలుగు కంపెనీలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఫ్రీగ ఇయ్యాలెనని ఆర్‌బీఐ రూలు. ఏజెంటు అక్కెర లేదు. మనది మనం చూసుకుంటే స్కోరు తగ్గది. పేరు, పాన్ నంబర్, ఫోన్ నంబర్, ఒక్కొక్క లోను లైన్ లైన్‌గ చూడుర్రి. మీరు తీసుకోని లోను ఉన్నా, కట్టేసింది ఇంకా బాకీ చూపించినా ఆ కంపెనీ వెబ్‌సైట్లనే ఫిర్యాదు పెట్టుర్రి. 30 రోజులల్ల తేల్చాలె. తేల్చకుంటే రోజుకు 100 రూపాయల లెక్కన మనకు పరిహారం ఇయ్యాలె. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్ల ఉన్నది. ఎంతమందికి తెలుసు?

బాకీ నిజమైతే రెండో పని. లోను ఇచ్చిన కంపెనీకి మెయిల్ పెట్టి స్టేట్‌మెంట్ అడుగుర్రి: అసలెంత, మిత్తి ఎంత, ఫైన్లెంత, ఇప్పుడు ఆ బాకీ ఎవరి చేతుల ఉన్నది. పాత బాకీలను వేరే కంపెనీలకు అమ్ముకుంటరు. ఫోన్ చేసినోడు ఎవరి మనిషో కాయిదం చూపియ్యాలె. పొద్దుగాల 8కి ముందు, సాయంత్రం 7 దాటినంక వసూలు ఫోన్లు చెయ్యొద్దని 2022ల ఆర్‌బీఐ చెప్పింది. చుట్టాలకు ఫోన్ చేసి ఇజ్జత్ తీసుడు గూడ తప్పే. 2020ల లోన్ యాప్‌ల వేధింపులకు మన దగ్గర పానాలు పోయినయి. యాది పెట్టుకోర్రి, పైసల్లేక కిస్తీ కట్టలేకపోవుడు నేరం కాదు. చెక్కు, ఆటో డెబిట్ బౌన్సయిన కేసులు మాత్రం వేరే.

"మూడేండ్లు దాటితే బాకీ పోతది" అని యూట్యూబ్‌ల చెప్తున్నరు. సగమే నిజం. మామూలు చేబాకీ, పర్సనల్ లోనుకు కోర్టుల దావా ఏసే గడువు మూడేండ్లు. ఆ గడువు లోపల బాకీ ఒప్పుకుంట సంతకం పెట్టినా, కొంత కట్టినట్టు మన రాత ఉన్నా లెక్క మళ్ల మొదటికొస్తది. గడువు దాటినంక "కడత" అని కొత్తగ రాసి సంతకం పెట్టినా అది చెల్లుతది. కుదువబెట్టిన అప్పుల లెక్క వేరే. కోర్టు గడువు పోయినా రిపోర్టుల మచ్చ పోదు, అవి రెండూ వేరేవేరే.

'రైటాఫ్' అని కనపడితే మాఫీ అనుకోవద్దు. బ్యాంకు తన పుస్తకంల కొట్టేసుకున్నది, మన బాకీ మాత్రం ఉన్నట్టే. ఇగ 'సెటిల్డ్' సంగతి. తక్కువకు ఒప్పందం చేసుకుంటే రిపోర్టుల 'క్లోజ్డ్' అని రాదు, 'సెటిల్డ్' అని వస్తది. రేపటి మేనేజర్ దాన్ని చూసి పూర్తిగ కట్టలేదని పక్కకు పెడ్తడు. చేతనైతే మొత్తం కట్టి నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోవాలె. చేతగాకుంటేనే సెటిల్‌మెంట్. అప్పుడు గూడ కంపెనీ లెటర్ ముందు, పైసలు తర్వాత. పైసలు లోన్ ఖాతాకే పోవాలె, ఏజెంటు ఫోన్‌కు కాదు. నిజంగ జరిగిన ఎగవేతను పైసలు తీసుకొని తుడిపేస్తమనెటోళ్లు మోసగాళ్లే.

నా కడుపు మండేది ఇక్కడనే. 2023 జూన్ 8న ఆర్‌బీఐ ఒక సర్క్యులర్ తెచ్చింది. కావాలని ఎగ్గొట్టినోళ్లతోటి గూడ బ్యాంకులు రాజీ చేసుకోవచ్చన్నది, క్రిమినల్ కేసులు వాటి తొవ్వల అవి నడుస్తయన్నది. కంపెనీలు దివాలా తీస్తే బ్యాంకులు వదులుకునే కోట్లకు 'హెయిర్‌కట్' అని ముద్దు పేరు. మన పోరడు నాలుగు వేలకు రాజీ పడితే ఏండ్లకేండ్లు మచ్చ. ఆ మచ్చ కొలువు దాంక వస్తున్నది: లోన్ల చరిత్ర బాగ లేదని ఒక సర్కారు బ్యాంకు ఉద్యోగం రద్దు చేస్తే, 2025 జూన్‌ల మద్రాస్ హైకోర్టు బ్యాంకు దిక్కే నిలబడ్డది. పని లేక బాకీ, బాకీ ఉన్నదని పని లేదు. ఈ చక్రం తెంపేదెవరు?

చిన్న బాకీ మొత్తం కట్టినోనికి ఏడాదిల పాత మచ్చ తీసెయ్యాలె. సెటిల్‌మెంట్ లెటర్లు తెలుగుల ఇయ్యాలె. స్వయం ఉపాధి పథకాలకు సిబిల్ అడ్డం పెట్టొద్దు. ఇవి మనం అడగాల్సిన డిమాండ్లు. కంపెనీ 30 రోజులల్ల పలకకుంటే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టుర్రి. సాయం కావాల్నంటే 14448 నంబర్ ఉన్నది.

మా తమ్ముడు స్టేట్‌మెంట్ తెప్పించిండు. మనం ఫైన్ల మీద అడిగితే 11 వేలు 6,300 అయినయి. అంతా కట్టిండు, సర్టిఫికెట్ తీసుకున్నడు, నెల దాటకముందే రిపోర్టుల 'క్లోజ్డ్' అని పడ్డది. స్కోరు మెల్లగ పెరుగుతున్నది. ఆటో లోను మాత్రం ఇంకా రాలే. అయినా ఇప్పుడు బ్యాంకుకు పోతే తల దించుకోడు, ఫైలు తీసి బల్ల మీద పెడ్తడు.