హాస్టల్ గదికి ఒక్క ఫైటర్ చాలు

గత ఏడాది రూమ్మేట్ పుట్టినరోజుకి మేం ముగ్గురం డబ్బులేసుకుని ఒక గాజు గిన్నె, రెండు గోల్డ్ ఫిష్ కొన్నాం. మా హాస్టల్ బేగంపేటలో, షాపు అమీర్‌పేట వైపు. "ఇంకేం అక్కర్లేదా అన్నా?" అని అడిగితే, "రోజూ నాలుగు గింజలు వెయ్, వారానికోసారి నీళ్లు మార్చు, అంతే తమ్మీ" అన్నాడు షాపతను.

తొమ్మిదో రోజు ఒకటి చనిపోయింది. రెండోది నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ ఇంకో రెండు రోజులు బతికింది. ఆకలేమో అనుకుని మేం ఇంకాస్త ఫుడ్ వేశాం. అది ఊపిరాడక పైకి వచ్చిందని తర్వాత చదివితే తెలిసింది.

ఈ సెమిస్టర్‌లో మా ఫ్లోర్‌లో మళ్లీ రెండు కొత్త గిన్నెలు కనిపించాయి. అందుకే ఇది రాస్తున్నా. నా అభిప్రాయం సూటిగా చెప్తా. గిన్నెలో గోల్డ్ ఫిష్ పెట్టి గిఫ్ట్ ఇవ్వడం మనం మానేయాలి. గదిలో చేప కావాలంటే కనీసం 20 లీటర్ల ట్యాంకు, అందులో ఒక్క ఫైటర్. అంత చోటు లేకపోతే అసలు వద్దు.

20 లీటర్లంటే మన కారిడార్‌లో ఉండే వాటర్ క్యాన్ అంత. అదెందుకో చూద్దాం. చేప తిన్నది వ్యర్థమై నీళ్లలోకి అమ్మోనియాగా వస్తుంది. అది చేపకి విషం. ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా ప్రమాదమే, నైట్రేట్ మాత్రం చాలావరకు పర్లేదు. ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా గిన్నెలో ఫిల్టరే లేదు. పైగా మూడు లీటర్ల నీళ్లలో చేరే విషం, అదే చేప 20 లీటర్లలో ఉంటే చేరేదానికి దాదాపు ఏడు రెట్లు గాఢంగా ఉంటుంది. ఇది ఐదో క్లాసు లెక్క. కోడింగ్ నేర్చుకుంటున్న మేం ముగ్గురం ఒక్కసారి కూడా వేసి చూడలేదు.

ఇక ఏ చేప? గోల్డ్ ఫిష్ ముద్దుగానే ఉంటుంది. కానీ మంచి నీళ్లలో అది జానెడు పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. మన బీటెక్ నాలుగేళ్లే. నియాన్ టెట్రాలు ఆరేడైనా కలిసి ఉంటేనే బెదరకుండా తిరుగుతాయి, వాటికి మెత్తటి నీళ్లు కావాలి. మన హాస్టళ్ల బోరు నీళ్లు బకెట్ మీద తెల్లటి పొర కట్టే రకం. గాజుకి పట్టిన నాచు తింటుందని అంటగట్టే సక్కర్ ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది.

గప్పీ మన నీళ్లకి బాగానే తట్టుకుంటుంది. బేగంపేటలో ఉన్నవాళ్లకి దీంతో ఒక చుట్టరికం కూడా ఉంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో పనిచేస్తూ కనిపెట్టాడు. ఆయన పేరున్న భవనం మన బేగంపేటలోనే ఉంది. దోమ గుట్టు తెలిశాక దాని లార్వాలను తినే చేపలను చెరువుల్లో, తొట్లలో వదలడం మొదలైంది. గప్పీ వాటిలో ఒకటి. కానీ ఆడా మగా కలిపి తెచ్చారా, నెలకోసారి పిల్లలు. కావాలంటే అన్నీ మగవే తెచ్చుకోవాలి, ట్యాంకు 30 లీటర్లయినా ఉండాలి.

అందుకే ఫైటర్ అంటున్నా. ఒంటరిగా ఉండటం దానికి ఇష్టమే. రెండు మగవి కలిస్తే కొట్టుకుని చస్తాయి. నీటి పైన గాలిని కూడా పీల్చుకోగలదు కాబట్టి కరెంటు గంటసేపు పోయినా కంగారు లేదు. రెండు నుంచి నాలుగేళ్లు బతుకుతుంది.

"షాపుల్లో చిన్న డబ్బాల్లో బతుకుతున్నాయి కదరా, దానికి ఇంత లెక్క అవసరమా?" అన్నాడు మా రూమ్మేట్. డబ్బా అమ్మే వరకే. ఫైటర్ థాయ్‌లాండ్ వైపు వరి పొలాల్లో, నిదానంగా పారే నీళ్లలో పుట్టిన చేప. అక్కడ నీటి లోతు తక్కువే, కానీ పొలమంతా దానిదే. రైలు జనరల్ బోగీలో మనం ఒక రాత్రి నిలబడి ప్రయాణిస్తాం. అలాగని అక్కడే కాపురం పెట్టం కదా.

నీళ్ల విషయంలో ఒక జాగ్రత్త. క్యాన్ నీళ్లు శుభ్రమని ట్యాంకులో పోయకండి. ఆర్ఓ నీళ్లలో చేపకి కావలసిన లవణాలు దాదాపు ఉండవు. నల్లా నీళ్లే పట్టి యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యండి. వారానికోసారి నాలుగో వంతు మార్చండి చాలు, మొత్తం పారబోయొద్దు. ఫిల్టర్‌ని నల్లా కింద కడిగితే బ్యాక్టీరియా పోతుంది, తీసిన ట్యాంకు నీళ్లలోనే జాడించండి. డిసెంబరు రాత్రులకి చిన్న హీటర్, మేలో కిటికీ ఎండకి దూరం. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే దానికి సుఖం.

సంక్రాంతికి మూడు నాలుగు రోజులు ఊరెళ్తే ఫుడ్ లేకున్నా ఆరోగ్యంగా ఉన్న ఫైటర్‌కి ఏం కాదు. పక్క రూమ్ వాడికి డబ్బా ఇచ్చి "చూసుకోరా" అంటేనే ప్రమాదం. ప్రేమతో గుప్పెడు వేస్తాడు. మేం చేసిందీ అదే.

ఎండాకాలం సెలవులకి గది ఖాళీ చేసేటప్పుడు మాత్రం చేపని చెరువులోనో హుస్సేన్ సాగర్‌లోనో వదలకండి. అలా బయటపడిన సక్కర్ జాతి చేపలను ఇవాళ మన జాలర్లు దెయ్యం చేపలని తిట్టుకుంటున్నారు. వాటి గట్టి ముళ్లకి వలలు చిరుగుతున్నాయి. చేపని ఎవరికి ఇచ్చి వెళ్లాలో కొనే రోజే అనుకోండి. అలాంటి మనిషి ఎవరూ గుర్తుకు రాకపోతే కొనకండి.

మా గిన్నె ఇప్పుడు పెన్నులు పెట్టుకోవడానికి పనికొస్తోంది. పక్కన టేబుల్ మీద కొత్త ట్యాంకులో నాలుగు వారాలుగా ఫిల్టర్ తిరుగుతోంది. చేప ఇంకా తేలేదు. చూసినవాళ్లంతా "ఖాళీ నీళ్లకి కరెంటు ఎందుకురా?" అని నవ్వుతున్నారు. ఇంకో రెండు వారాలు నవ్వనివ్వండి.