ఉచిత సలహా ఆమెది, కేసు ఇంకొకరిదా?

మన గ్రూపుల్లో తరచూ వచ్చే ఒక మెసేజ్ మీరూ చూసే ఉంటారు. "అక్కలూ, మంచి లాయర్ ఎవరైనా తెలుసా? కొంచెం అర్జెంట్." దాని కింద చకచకా జవాబులు వచ్చి పడతాయి. ఒకావిడ వాళ్ళ తమ్ముడి గ్రీన్‌కార్డు చేసినాయన పేరు పెడుతుంది. ఇంకొకావిడ యూట్యూబ్ లింకు పెడుతుంది. అంతలో ఎవరో అంటారు: "మన గ్రూపులోనే ఒకమ్మాయి లాయర్ ఉంది కదా, ముందు ఆమెనే అడగండి, ఫ్రీగా చెప్తుంది."

ఈ చివరి మాట గురించే నా గొడవంతా. ఆమె ఫ్రీగానే చెప్తుంది. రాత్రి వంట చేసుకుంటూ, పిల్లల్ని పడుకోబెట్టి, వాయిస్ మెసేజ్‌లో ఓపిగ్గా చెప్తుంది. అంతా విన్నాక మనం "థాంక్యూ రా" అని, కేసు తీసుకెళ్ళి పెద్ద హోర్డింగు ఉన్నాయన చేతిలో పెడతాం.

నేను ఉండేది టెక్సస్‌లో, డల్లాస్ దగ్గర. పని నర్సుగా. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. మన ఆడపిల్లలు కొందరు ఇక్కడ లా చదివి, బార్ పరీక్ష పాసై, సొంతంగా చిన్న ప్రాక్టీసు పెట్టుకుంటున్నారు. ఒక గది, ఒక లాప్‌టాప్, మహా అయితే సాయానికి ఒక మనిషి. అద్దె, ఇన్సూరెన్సు, బార్‌కి కట్టే డబ్బు మాత్రం క్లయింటు వచ్చినా రాకపోయినా ఆగవు. కంపెనీలు గుత్తగా ఇచ్చే హెచ్1బీ పనంతా పెద్ద ఆఫీసులకే పోతుంది. ఈ అమ్మాయి దగ్గరికి రావాల్సింది కుటుంబాల పనే. వీలునామా, విడాకులు, అమ్మానాన్నల పిటిషను, చిన్న వ్యాపారానికి ఎల్ఎల్‌సీ కాగితాలు లాంటివి. ఇవన్నీ ఒకరు చెప్తే ఇంకొకరు వచ్చేవి. చెప్పాల్సింది మనం.

"లాయరే కదా, ప్రకటన ఇచ్చుకోవచ్చుగా" అంటారేమో. ఇండియాలో లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. గుమ్మానికి ఓ మాదిరి బోర్డు పెట్టుకోవచ్చు, 2008 నుంచి వెబ్‌సైట్‌లో పేరూ చిరునామా లాంటి వివరాలు పెట్టుకోవచ్చు, అంతే. అమెరికాలోనూ ఒకప్పుడు ఇంతే. 1976లో ఫీనిక్స్‌లో బేట్స్, ఓస్టీన్ అనే ఇద్దరు కుర్ర లాయర్లు పేపర్లో ప్రకటన వేశారు. గొడవ లేని విడాకులకి 175 డాలర్లు, కోర్టు ఫీజు విడిగా అని ధరలు కూడా రాశారు. వాళ్ళ లెక్క సులువైనది. తక్కువ ఫీజుకి చెయ్యాలంటే ఎక్కువమంది రావాలి, ఎక్కువమంది రావాలంటే ముందు జనానికి తెలియాలి. బార్ వాళ్ళ మీద చర్య తీసుకుంటే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1977లో తీర్పు వచ్చింది: నిజం చెప్పే ప్రకటనని పూర్తిగా నిషేధించడం కుదరదు, అది వాక్ స్వాతంత్ర్యం కిందికి వస్తుంది అని.

తలుపు అలా తెరుచుకుంది. కానీ ఇప్పుడు ఆ తలుపులోంచి పట్టేది డబ్బున్నవాళ్ళే. హైవే పక్క హోర్డింగులూ టీవీ ప్రకటనలూ ఒంటరి లాయరమ్మకి అందే పనులు కావు. పోనీ కేసు తెచ్చినవాళ్ళకి కమీషన్ ఇద్దామంటే, లాయర్ కానివాళ్ళకి అలా డబ్బివ్వడం నియమాలకి విరుద్ధం. ఏదో చిన్న కానుక వరకూ ఒప్పుకుంటారు. కష్టంలో ఉన్న కొత్త మనిషి దగ్గరికి వెళ్ళి "నీ కేసు నాకివ్వు" అని అడగడమూ కూడదు. ఇలాంటివాటిలో కొన్ని పనులు టెక్సస్‌లో నేరం కూడా. ఆస్పత్రుల్లో పనిచేసే చెల్లెళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. యాక్సిడెంటై వచ్చిన పేషెంటు చేతిలో మీకు తెలిసిన లాయర్ కార్డు పెట్టకండి, పేషెంటు వివరాలు ఎవరికీ చేరవెయ్యకండి. మంచికే అనుకుని చేసినా మీ ఉద్యోగానికీ ఆమె లైసెన్సుకీ ముప్పు.

ఇక నిజాయితీగా బతకాలనుకునే చిన్న లాయర్‌కి మిగిలిందేమిటి? పైసా ఆశించకుండా మనం చెప్పే మంచిమాట. అది కూడా ఫార్వర్డుల కింద పడి కనిపించకుండా పోతోంది.

ఆమెకి సాయం చెయ్యండని జాలితో రాయడం లేదు. ఆమె అవసరం మనకే ఎక్కువ. హెచ్4 మీద ఉన్నవాళ్ళు ఒకసారి ఆలోచించండి. మీ వీసా కాగితాలు చూసేది మీవారి కంపెనీ లాయరు. ఆయన కంపెనీ పెట్టుకున్న మనిషి. ఇంట్లో పరిస్థితి చెడి, విడాకుల దాకా వస్తే మీ హెచ్4 ఆ పెళ్ళితోపాటే పోతుంది. ఆ రోజు మీ తరఫున మాట్లాడే మనిషి, మీ ఏడుపు తెలుగులో విని అర్థం చేసుకునే మనిషి మీ ఊళ్ళో ఉందా లేదా అన్నది, ఇవాళ ఆమె ఆఫీసు నిలబడుతుందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది.

"మనవాళ్ళ దగ్గరికెళ్తే విషయం ఊరంతా తెలుస్తుందండీ" అని చాలామంది భయం. భయం సహజమే. కానీ లాయర్‌కి చెప్పుకున్నది ఆమె తన భర్తకి కూడా చెప్పకూడదు. సలహా కోసం ఒకసారి కలిసి, తర్వాత ఆమెని పెట్టుకోకపోయినా మీరు చెప్పింది రహస్యమే. దాన్ని అడ్డం పెట్టుకుని రేపు అదే గొడవలో మీ ఎదుటివాళ్ళ తరఫున నిలబడటమూ మామూలుగా కుదరదు. గీత దాటితే పోయేది ఆమె లైసెన్సే. గ్రూపులో పెట్టిన మెసేజ్‌కి ఇలాంటి రక్షణ ఏమీ లేదు. స్క్రీన్‌షాట్ తియ్యడానికి ఎంతసేపు?

అలాగని తెలుగమ్మాయి కదా అని కళ్ళు మూసుకుని కేసు ఇవ్వమనను. స్టేట్ బార్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి. లైసెన్సు ఉందా, ఇదివరకు క్రమశిక్షణ చర్యలేమైనా పడ్డాయా అన్నది డబ్బు కట్టకుండానే తెలుస్తుంది. మన దగ్గర నోటరీ అంటే సాధారణంగా అడ్వకేటే. ఇక్కడ నోటరీ పని సంతకం పెట్టిన మనిషి ఎవరో చూసి ముద్ర వెయ్యడం, అంతే. నోటరీ బోర్డు చూసి ఇమ్మిగ్రేషన్ కాగితాలు చేతిలో పెట్టకండి. "వీసా గ్యారంటీ" అనేవాళ్ళ పేరు అసలు ఫార్వర్డ్ చెయ్యకండి. ఏ నిజమైన లాయరూ ఫలితానికి హామీ ఇవ్వరు.

పేరు చెప్పేటప్పుడు "చాలా మంచిది" అని ఊరుకోకండి. ఏ పని చేసింది, ఫీజు ముందే చెప్పిందా, ఫోనుకి జవాబిచ్చిందా, ఇవి చెప్పండి. మీ సంగతి అడగాలనుకుంటే అపాయింట్‌మెంట్ తీసుకుని, ఫీజు కట్టి అడగండి. కట్టే స్తోమత లేకపోతే ఆ మాటే చెప్పండి. లీగల్ ఎయిడ్ దారి ఆమే చూపిస్తుంది. డ్యూటీలో లేనప్పుడు నన్ను ఉచితంగా ఇంజెక్షన్ చెయ్యమని ఎవరూ అడగరు కదా, ఆమె చదువుకీ అంతే విలువ.

ప్రాక్టీసు పెట్టుకున్న ఆడపడుచులకీ ఒక మాట. అన్నీ చేస్తానంటే ఎవరికీ గుర్తుండవు. వీలునామాలైతే వీలునామాలు, కుటుంబ కేసులైతే కుటుంబ కేసులు, ఏదో ఒక పనికి నీ పేరు గుర్తుకురావాలి. ఫీజు కాగితం మీద రాసివ్వు. గ్రూపులో ఒక్కొక్కరి కేసు విప్పడం మానేసి, నెలకోసారి లైబ్రరీలోనో గుళ్ళోనో అందరికీ పనికొచ్చే విషయం చెప్పు. మన టాక్సులు వేసే సీపీఏలతో, వేరే పనులు చేసే లాయర్లతో పరిచయం పెంచుకో. తమకి సరిపడని పని వాళ్ళు నీకు పంపుతారు, నువ్వూ వాళ్ళకి పంపు.

ఇది చదివాక ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో వీలునామా ఉందా? మీకూ మీవారికీ ఒకేసారి ఏదైనా అయితే పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో ఎక్కడైనా రాసిపెట్టారా? రాసి ఉంటే కోర్టు మామూలుగా ఆ మాటకి విలువిస్తుంది. రాయకపోతే, తాతయ్యలూ అమ్మమ్మలూ సముద్రాల అవతల ఉండగా, ఆ నిర్ణయం మనల్ని ఎరగని జడ్జిది. ఈ నెలలోనే మీకు దగ్గర్లో ఉన్న చిన్న లా ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. ఫీజు ఎంతో ముందే అడగండి. అడిగినంతా కట్టండి. పని బాగా చేస్తే ఆ పేరు ఇంకో నలుగురికి మీ నోటితో చెప్పండి.