విరుగుడు బీరువాలో, ప్రాణం వీధిలో

జర్మనీలోని సాక్సనీ రాష్ట్రంలో 112కి ఫోన్ చేస్తే 12 నిమిషాల్లో అంబులెన్స్ చేరాలన్నది ప్రభుత్వం తనకు తాను పెట్టుకున్న ప్రమాణం. ఊపిరి ఆగిన మనిషి మెదడు మాత్రం నాలుగు నుంచి ఆరు నిమిషాలకే దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్స్ నియమం తప్పకుండా సమయానికే వచ్చినా, ఓపియాయిడ్ మోతాదు మించి పడిపోయినవాడికి అది ఆలస్యమే. హెరాయిన్ కానీ, ఫెంటానిల్ కానీ, నొప్పికని రాసే ట్రామడాల్, టిలిడిన్ కానీ మోతాదు మించితే చంపే తీరు ఒక్కటే. ఊపిరి తీయమని మెదడు పంపే ఆజ్ఞ ఆగిపోతుంది. పెదవులు నీలిరంగుకు తిరుగుతాయి, గొంతులో గురక లాంటి శబ్దం వస్తుంది. పక్కనున్నవాళ్లు నిద్రపోతున్నాడనుకుంటారు.

దీనికి విరుగుడు ఉంది. దాని పేరు నలాక్సోన్. అరచేతిలో ఇమిడే స్ప్రే రూపంలోనూ దొరుకుతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు రంధ్రంలో పెట్టి ఒక్కసారి నొక్కాలి. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగి మొదలవుతుంది. అవ్వకపోతే రెండో రంధ్రంలో మరో మోతాదు. ఒంట్లో ఓపియాయిడ్ లేనివాడికి పొరపాటున ఇచ్చినా హాని లేదు. చదువు లేని మనిషి కూడా పావుగంటలో నేర్చుకోగల పని ఇది. ఇంత తేలికైన మందుకు జర్మనీ ప్రిస్క్రిప్షన్ అనే తాళం వేసింది. అక్కడ ఈ స్ప్రే 2018లో మార్కెట్లోకి వచ్చినప్పుడు పెట్టిన షరతు చూడండి: డాక్టరు చీటీ ఉండాలి, ఆ చీటీ మత్తు వాడే మనిషి పేరునే ఉండాలి. ఊపిరి ఆగినవాడు తన ముక్కులో తాను మందు కొట్టుకోగలడా? కొట్టాల్సింది అమ్మ, భార్య, గదిలో ఉండే స్నేహితుడు. వాళ్ల పేరున చీటీ రాసే వీలు లేకుండా నిబంధన రాసినవాళ్లు ఏ రోగిని చూసి రాశారో చెప్పాలి.

ఈ ప్రశ్న కెమ్నిట్జ్ నగరంలో ఇంకా గట్టిగా అడగాలి. తూర్పు జర్మనీ కాలంలో కార్ల్ మార్క్స్ స్టాడ్ట్ అని పిలిచిన ఈ పారిశ్రామిక నగరం 2025లో యూరప్ సాంస్కృతిక రాజధానిగా వేడుక చేసుకుంది. ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం భారతీయ విద్యార్థులకు, వారిలో మన పిల్లలకు, బాగా తెలిసిన చిరునామా. చెక్ సరిహద్దు దగ్గర కావడంతో ఈ ప్రాంతానికి ఏళ్లుగా పట్టిన పీడ ‘క్రిస్టల్’, అంటే మెథాంఫెటమిన్. పాలకులకు అదొక సాకుగా ఉపయోగపడుతోంది. మా జబ్బు క్రిస్టల్, హెరాయిన్ ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్ల జబ్బు అన్నట్టు ప్రవర్తిస్తారు. పర్యవేక్షణలో మత్తు తీసుకునే గదులు ఏర్పాటు చేసుకోవచ్చని జర్మనీ ఫెడరల్ చట్టం 2000లోనే రాష్ట్రాలకు వీలు కల్పించింది. హాంబర్గ్, బెర్లిన్, హెస్సె వంటివి పెట్టుకున్నాయి. సాక్సనీ ప్రభుత్వాలు అందుకు కావాల్సిన ఉత్తర్వు ఇవ్వకుండానే రెండు దశాబ్దాలు దాటించేశాయి. అలాంటి గదిలో కుప్పకూలినవాడి పక్కనే నలాక్సోన్ పట్టుకున్న మనిషి ఉంటాడు. ఆ గది లేని ఊళ్లో కుప్పకూలినవాడికి దిక్కు అంబులెన్స్, ఆ తర్వాత ఎమర్జెన్సీ.

క్రిస్టల్ సాకు ఇక చెల్లదు. జర్మనీలో మత్తు మరణాలు 2023లో 2,227. అంతకుముందెన్నడూ అన్ని లేవు. 2024లో 2,137. వీటిలో ఓపియాయిడ్ల పాత్ర పెద్దది. తాలిబాన్లు 2022లో నల్లమందు సాగు నిషేధించాక అఫ్గానిస్తాన్‌లో దిగుబడి మరుసటి ఏడాదికే 95 శాతం పడిపోయిందని ఐక్యరాజ్యసమితి లెక్క. హెరాయిన్ కరువైతే ఆ ఖాళీలోకి వచ్చేవి ఫెంటానిల్, నిటాజిన్లు అనే కృత్రిమ ఓపియాయిడ్లు. అవి హెరాయిన్ కంటే ఎన్నో రెట్లు తీక్షణమైనవి. 2023లో జర్మనీలోని మత్తు గదుల్లో హెరాయిన్ నమూనాలపై 1,401 పరీక్షలు చేస్తే 3.6 శాతంలో ఫెంటానిల్ కనిపించింది. గదులున్న నగరాలకు ఈ సంగతి పరీక్షలో తెలిసింది. గదులు లేని ఊళ్లకు శవపరీక్షలో తెలుస్తుంది.

అసలు ఈ మందుల పుట్టిల్లు ఏదో జర్మనీకి గుర్తు చేయాలి. నల్లమందు నుంచి మార్ఫిన్‌ను వేరుచేసింది పాడర్‌బోర్న్‌లో పనిచేసిన యువకుడు జెర్ట్యూర్నర్. హెరాయిన్‌ను 1898లో దగ్గు మందుగా అమ్మింది బేయర్ కంపెనీ. ఆక్సికోడోన్ 1916లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో, మెథడోన్ 1930ల చివర్లో హెక్స్ట్ ప్రయోగశాలలో పుట్టాయి. ట్రామడాల్, టాపెంటడాల్ రెండూ గ్రూనెన్‌థాల్ కంపెనీ సృష్టి. ఈ మందులు చెడ్డవని కాదు. క్యాన్సర్ రోగికి ఇవి దయతో సమానం. కానీ నొప్పి మందును ప్రపంచానికి ఇచ్చిన దేశానికి, ఆ మందు ప్రమాదంగా మారినప్పుడు విరుగుడును ఇంటింటికీ అందించే బాధ్యత మిగతావాళ్ల కంటే ఎక్కువ. విరుగుడు కొత్తదీ కాదు. 1961లో జాక్ ఫిష్‌మన్, మొజెస్ లెవెన్‌స్టైన్ న్యూయార్క్‌లో దానికి పేటెంట్ కోరారు. 1971లో అమెరికా అనుమతించింది. ఫిష్‌మన్ సవతి కొడుకే 2003లో హెరాయిన్ మోతాదు మించి చనిపోయాడు. కనిపెట్టినవాడి ఇంటికే చేరని మందు మామూలు ఇంటికి దానంతటదే చేరుతుందని ఎదురుచూడటం పాలన అనిపించుకోదు. ఇటలీలో చీటీ లేకుండా దుకాణంలో దొరికి దశాబ్దాలైంది. అమెరికా 2023లో స్ప్రేకు ఆ వీలు ఇచ్చింది. బెర్లిన్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ 1990ల చివర్లోనే వాడకందార్లకు నేర్పి చేతికిచ్చింది. తెలియక ఆలస్యమైందని ఎవరూ అనలేరు.

జర్మన్ శిక్షాస్మృతి 323సి సెక్షన్ ప్రకారం ఆపదలో ఉన్నవాడికి చేతనైన సాయం చేయకపోవడం నేరం. ఏడాది వరకు జైలు. పౌరుడికి ఈ బాధ్యత పెట్టిన రాజ్యం, సాయం చేసే సాధనాన్ని అతని చేతికి అందకుండా చేసింది. ఈ సెక్షన్‌ను ముందుగా తనకే వర్తింపజేసుకోవాలి.

మేం అన్నిటికంటే తీవ్రంగా తప్పుపట్టేది ఎమర్జెన్సీ గుమ్మాన్ని. ఓవర్‌డోస్‌తో వచ్చి బతికి బయటపడ్డవాడే మళ్లీ చనిపోయే అవకాశం అందరికంటే ఎక్కువున్నవాడు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2011–15 మధ్య ఇలా ఎమర్జెన్సీకి వచ్చి బతికిన 11,557 మందిని గమనిస్తే, ఏడాదిలో 5.5 శాతం మంది చనిపోయారు. ఆ మరణాల్లో ఐదో వంతు మొదటి నెలలోనే. అంటే ఆ రాత్రి మంచం మీదున్న మనిషి ఎవరో, ఏ ప్రమాదంలో ఉన్నాడో వైద్యులకు ముఖాముఖి తెలుసు. సెలైన్ తీసి, కాగితం మీద సంతకం పెట్టించి, వ్యసన విముక్తి కేంద్రం ఫోన్ నంబరిచ్చి పంపేయడం వైద్యం కాదు. యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు 2015లో చూపించారు: ఎమర్జెన్సీలోనే ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మందు బూప్రినార్ఫిన్ మొదలుపెడితే నెల తర్వాత 78 శాతం మంది చికిత్సలో కొనసాగారు, ఉత్త చిరునామా ఇచ్చి పంపితే 37 శాతం మందే. చేతికి విరుగుడిస్తే ధైర్యం వచ్చి ఇంకా వాడతారనేవాళ్లు నలాక్సోన్ పడ్డ మనిషిని చూసి ఉండరు. వాంతులు, వణుకు, ఒళ్లంతా నొప్పులతో లేస్తాడు. ఆ అనుభవం కోసం ఎవరూ మోతాదు పెంచరు.

ఇక మన క్యాజువాలిటీల సంగతి. 2019లో ఎయిమ్స్ వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో ఓపియాయిడ్లు వాడేవారు 2 కోట్ల 26 లక్షల మంది. ట్రామడాల్‌ను 2018లో మత్తు పదార్థాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెస్తే వాడకం పక్కనున్న టాపెంటడాల్ వైపు మళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చిలో ‘ఆపరేషన్ గరుడ’ పేరుతో మందుల దుకాణాలపై రాష్ట్రమంతటా దాడులు చేశారు. చేయాల్సిందే. కానీ దుకాణం మూయించడంతో, అప్పటికే మింగినవాడి ఊపిరి తిరిగి రాదు.

గుంటూరులోనో వరంగల్‌లోనో రాత్రి డ్యూటీ డాక్టరు టార్చి వేసి చూస్తే కనుపాపలు గుండుసూది మొనంత ఉన్నాయంటే ముందుగా తట్టేది పురుగుమందు. మన జిల్లాలు నేర్పిన పాఠం అది. నోట్లో నురగ లేదు, ఒళ్లు చెమటతో తడవలేదు, ఊపిరి మాత్రం నిమిషానికి నాలుగైదు సార్లే అంటే నలాక్సోన్ గుర్తుకు రావాలి. మామూలు మూత్ర పరీక్షకు మార్ఫిన్ జాతి దొరుకుతుంది కానీ ట్రామడాల్, టాపెంటడాల్, ఫెంటానిల్ దొరకవు. దాంతో కేసు షీటులో ‘తెలియని విషం’ అని, మరణ పత్రంలో గుండె, ఊపిరి ఆగాయని రాస్తారు. లెక్కల్లో ఓపియాయిడ్ మరణాలు ఉండవు. లెక్కల్లో లేని చావుకు బడ్జెట్ రాదు.

తెచ్చినవాళ్ల భయం ఇంకో సంగతి. విషం కేసు కాబట్టి మెడికో లీగల్ కేసు (ఎంఎల్‌సీ), ఎంఎల్‌సీ కాబట్టి పోలీసు. ఎన్‌డీపీఎస్ 27వ సెక్షన్ కింద వాడటమే నేరం. అందుకే కుర్రాడిని స్ట్రెచర్ మీద పడేసి స్నేహితులు మాయమవుతారు. ఏం మింగాడో, ఎంతసేపైందో చెప్పగలిగింది వాళ్లే. చట్టం వాళ్లను తరిమేస్తోంది.

పాముకాటు మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలని గొడవ చేసి సాధించుకున్న సమాజం మనది. నలాక్సోన్‌కూ అదే హక్కు అడగాలి. ప్రజల చేతికే ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. ప్రతి 108 బండిలో, ప్రతి ప్రభుత్వ క్యాజువాలిటీలో అది ఉండాలి. ఓవర్‌డోస్ నుంచి తేరుకున్న ప్రతి మనిషికీ డిశ్చార్జి కాగితంతో పాటు అది ఇవ్వాలి, వాడే పద్ధతి ఇంటివాళ్లకు నేర్పాలి. ప్రాణం కాపాడటానికి తెచ్చినవాళ్లపై 27వ సెక్షన్ పెట్టబోమని రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు అధిపతులు లిఖితపూర్వకంగా చెప్పాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఆరోగ్య శాఖ కార్యదర్శి, డీజీపీ కూర్చుని ఈ వారమే ఉత్తర్వులివ్వవచ్చు.